కుక్కపిల్లల్లో అంటు విరేచనాలు: పార్వో నుంచి కాపాడుకోవడం

కుక్కల్లో ఒకదాని నుంచి మరొకదానికి అంటుకునే కడుపు జబ్బులన్నీ దాదాపు ఒకే దారిన నడుస్తాయి. జబ్బు చేసిన కుక్క మలంతో పాటు క్రిమి బయటికి వస్తుంది. నేల మీదో, నీళ్ల గిన్నె అంచునో, పక్కగుడ్డలోనో, మనుషుల చెప్పుల అడుగునో ఉండిపోతుంది. మరో కుక్క వచ్చి అక్కడ వాసన చూస్తుంది, నాకుతుంది, కాళ్లకు అంటినదాన్ని ఇంటికి వచ్చాక నాలుకతో శుభ్రం చేసుకుంటుంది. అంతటితో క్రిమి కడుపులోకి చేరిపోయినట్టే. ముక్కుతో, నాలుకతో లోకాన్ని తెలుసుకునే జంతువుకు ఈ దారిని పూర్తిగా మూసేయడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే నేలను శుభ్రంగా ఉంచడం ఎంత అవసరమో, క్రిమి లోపలికి వెళ్లినా తట్టుకునే శక్తిని కుక్క ఒంట్లో ముందే సిద్ధం చేయడం అంతకంటే అవసరం.

వైరస్‌లు, బాక్టీరియా, ఏకకణ జీవులు, నట్టలు అన్నీ ఈ దారినే వస్తాయి. వాటిలో చాలావరకు నాలుగు రోజులు ఇబ్బంది పెట్టి పోయేవే. నిండు ఆరోగ్యంతో గంతులేసే కుక్కపిల్లను రెండు మూడు రోజుల్లో పొట్టన పెట్టుకునేది పార్వో. ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం దాని గురించే. పార్వోకు అడ్డుకట్ట వేసిన ఇంట్లో మిగతా కడుపు జబ్బులు కూడా చాలావరకు తగ్గుతాయి.

పార్వో అంటే ఏమిటి

1978కి ముందు పశువైద్యులకు ఈ జబ్బు తెలియదు. ఆ ఏడాది తొలిసారి గుర్తించాక రెండేళ్లు తిరిగేలోపే అది ప్రపంచమంతా పాకిపోయింది. అప్పటికి ఏ కుక్క ఒంట్లోనూ దాన్ని ఎదుర్కొనే శక్తి లేకపోవడంతో పిల్లలతో పాటు పెద్ద కుక్కలు కూడా గుంపులుగా చనిపోయాయి. పిల్లుల్లో ఎప్పటి నుంచో ఉన్న పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కు ఇది అతి దగ్గర చుట్టం. ఆ వైరస్సో, దాని సోదర వైరస్సో రూపు మార్చుకుని కుక్కల్లోకి వచ్చిందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తర్వాత 2ఎ, 2బి, 2సి అనే కొత్త రూపాలు కూడా పుట్టుకొచ్చాయి. ఇప్పుడు వాడుతున్న టీకాలు వీటన్నిటి నుంచీ కాపాడుతున్నాయి.

ఈ వైరస్ మొండితనానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. చాలా వైరస్‌లకు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు, శానిటైజర్ ఆ పొరను కరిగించి వైరస్‌ను చంపుతాయి. పార్వోకు ఆ పొరే లేదు. అందువల్ల సబ్బు నీళ్లు దాన్ని కడిగి పంపగలవే గాని చంపలేవు. ఆల్కహాల్ శానిటైజర్ పనిచేయదు. మన ఇళ్లలో అన్నిటికీ వాడే ఫినాయిల్ మీద, నేల తుడిచే సువాసన ద్రావణాల మీద నమ్మకం పెట్టుకోవడానికి లేదు. ఇంట్లో నెలల తరబడి, నీడ, తేమ ఉన్న మట్టిలో ఏడాది వరకు ఇది బతికి ఉండగలదు. ఇల్లు దాటని కుక్కపిల్లకు పార్వో ఎలా వచ్చిందని చాలామంది ఆశ్చర్యపోతారు. పిల్ల బయటికి వెళ్లకపోయినా ఇంట్లోవాళ్ల చెప్పులు రోజూ వీధిలో తిరిగి వస్తూనే ఉంటాయి.

నోటి ద్వారా లోపలికి వెళ్లిన వైరస్ మొదట గొంతులోని గ్రంథుల్లో పెరిగి, రక్తంలో కలిసి, మూడు నాలుగు రోజుల్లో పేగులకు చేరుతుంది. వేగంగా విభజన చెందే కణాలే దానికి కావాలి. పేగు లోపలి గోడ మఖమల్ గుడ్డలా నూగుతో ఉంటుంది. తిన్నదాన్ని ఒంటికి పట్టించేది ఆ నూగే. దాని కణాలు కొన్ని రోజులకోసారి రాలిపోతూ, అడుగు నుంచి కొత్తవి పుడుతూ ఉంటాయి. పార్వో ఆ అడుగు కణాలనే నాశనం చేస్తుంది. పాతవి రాలిపోతాయి, కొత్తవి పుట్టవు. పేగు గోడ బోసిపోయి నెత్తురు కారుతుంది. అదే సమయంలో వైరస్ ఎముక మూలుగను కూడా దెబ్బతీసి తెల్ల రక్తకణాలను పుట్టనివ్వదు. పేగులో మామూలుగా ఉండే బాక్టీరియా చిల్లులు పడ్డ గోడ దాటి రక్తంలోకి చేరుతుంది, అక్కడ దాన్ని అడ్డుకునే కణాలు ఉండవు. పార్వోలో ప్రాణం తీసేది సాధారణంగా ఈ రెండే: ఒంట్లో నీరు, లవణాలు కోల్పోవడం, నెత్తురులోకి బాక్టీరియా పాకడం. వైరస్ జబ్బుకు యాంటీబయాటిక్ ఎందుకని కొందరు అడుగుతారు. ఆ మందు వైరస్ కోసం కాదు, దాని వెనకే వచ్చే బాక్టీరియా కోసం.

గుర్తుపట్టడం

వైరస్ సోకిన 3 నుంచి 7 రోజుల్లో, అరుదుగా రెండు వారాల్లో జబ్బు బయటపడుతుంది. మొదటి రోజు లక్షణాలు చాలా మామూలుగా ఉంటాయి. ఎప్పుడూ గిన్నె దగ్గరికి పరిగెత్తే పిల్ల అన్నం వాసన చూసి వెనక్కి తగ్గుతుంది, మూల చూసుకుని పడుకుంటుంది. తర్వాత వాంతులు మొదలవుతాయి, ముందు తిన్నది, ఆపైన తెల్లటి నురగ, పచ్చటి పసరు. కొన్ని గంటల నుంచి ఒక రోజు తేడాతో విరేచనాలు వస్తాయి. నీళ్లలా, తరచూ నెత్తురుతో, ఒకసారి పీల్చినవాళ్లు మరచిపోలేని దుర్వాసనతో ఉంటాయి. ప్రతి పార్వో కేసులోనూ నెత్తురు కనిపించదు. నెత్తురు పడిన ప్రతి కుక్కకూ పార్వో ఉండదు. కాబట్టి నెత్తురు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ప్రాణం మీదికి తెస్తుంది. టీకాలు పూర్తికాని పిల్ల తిండి మానేసి రెండుసార్లు వాంతి చేసుకుంటే చాలు, ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఒంట్లో నీరు ఎంత తగ్గిందో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. భుజాల మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదిలితే ఆరోగ్యంగా ఉన్న పిల్లలో వెంటనే సర్దుకుంటుంది. నీరు తగ్గినప్పుడు ఆ మడత నెమ్మదిగా దిగుతుంది, లేదా అలాగే నిలబడిపోతుంది. పెదవి ఎత్తి చిగురును తాకితే తడిగా, జారుడుగా ఉండాలి. వేలికి అంటుకునేలా జిగటగా ఉంటే నీరు తగ్గినట్టు. అదే చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. అంతకంటే ఆలస్యమైనా, చిగుళ్లు పాలిపోయినా గంటల లెక్కలో కదలాలి. కుక్క మామూలు శరీర ఉష్ణోగ్రత సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. పార్వోలో మొదట జ్వరం ఉండి, తర్వాత ఒళ్లు చల్లబడడం చాలా చెడ్డ సూచన.

ఆసుపత్రిలో కొద్దిపాటి మలంతో చేసే కిట్ పరీక్ష పది నిమిషాల్లో ఫలితం చెబుతుంది. నెగెటివ్ వచ్చినంత మాత్రాన పార్వో లేదని కాదు. జబ్బు మరీ తొలిదశలో ఉన్నా, మలంలో వైరస్ తగ్గిపోయినా పరీక్షకు చిక్కకపోవచ్చు. లక్షణాలు, వయసు, టీకాల కార్డు, తెల్ల రక్తకణాల సంఖ్య అన్నీ కలిపి చూసే వైద్యుడు నిర్ణయిస్తాడు.

పార్వోలా కనిపించే ఇతర జబ్బులు

కుక్కల పేగు కరోనా వైరస్ ఉంది, కానీ మనుషుల్లో కోవిడ్ తెచ్చిన దానికీ దీనికీ సంబంధం లేదు. ఒక్కటే సోకితే సాధారణంగా నాలుగు రోజుల పలచటి విరేచనాలతో పోతుంది. పార్వోతో కలిసినప్పుడే జబ్బు ముదురుతుంది. డిస్టెంపర్ కూడా వాంతులు, విరేచనాలతో మొదలు కావచ్చు. అయితే కళ్లలో పుసి, ముక్కు కారడం, దగ్గు, తర్వాత కండరాలు అదరడం, ఫిట్లు దాని ఆనవాళ్లు. దానికీ టీకా ఉంది, పార్వోతో కలిపే వేస్తారు.

జియార్డియా అనే ఏకకణ జీవి కలుషితమైన నీళ్ల ద్వారా వస్తుంది. మెత్తటి, జిడ్డు జిడ్డుగా, దుర్వాసన వేసే మలం వారాల తరబడి వస్తూ పోతూ ఉంటుంది. కుక్క మాత్రం హుషారుగానే ఉండొచ్చు. మందు వాడుతూనే కుక్కకు స్నానం చేయించి వెనక భాగం బొచ్చు శుభ్రం చేయకపోతే, అంటుకున్న సిస్టులను మళ్లీ నాకి జబ్బు తిరగబెడుతుంది. ఇరుకైన చోట ఎక్కువ పిల్లల్ని కలిపి పెంచినప్పుడు కాక్సిడియా అనే మరో ఏకకణ జీవి చెలరేగుతుంది.

నట్టల విషయం ఇంకొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లలకు చేరతాయి, అంటే పిల్ల పుట్టేటప్పటికే నట్టలతో పుడుతుంది. కొంకి పురుగులు తల్లి పాల ద్వారా, చర్మం గుండా కూడా వస్తాయి. అవి పేగు గోడకు కరుచుకుని నెత్తురు పీలుస్తాయి. తారులా నల్లటి మలం, తెల్లబడ్డ చిగుళ్లు, ఎంత తిన్నా ఒళ్లు చేయని పిల్ల వాటి ఆనవాళ్లు. అందుకే నట్టల మందు రెండో వారం నుంచే మొదలుపెట్టి, రెండు వారాలకోసారి ఎనిమిదో వారం వరకు, తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి వేయడం మంచి పద్ధతి. మోతాదు పిల్ల బరువును బట్టి ఉంటుంది కాబట్టి వేసే రోజున తూకం వేయాలి. నట్టలతో నీరసించిన పిల్లకు పార్వో సోకితే తట్టుకోవడం మరీ కష్టం.

అంటు కానివి కూడా ఇదే వేషంలో వస్తాయి. బంతి ముక్కో, మొక్కజొన్న కండో మింగి పేగులో అడ్డుపడడం, పేగులో పేగు దూరడం, క్లోమ గ్రంథి వాపు, ఎలుకల మందు తినడం వంటివి. వీటికి ఇచ్చే చికిత్స వేరు, కొన్నిటికి ఆపరేషన్ కావాలి. ఇంట్లో కూర్చుని ఊహించి వైద్యం చేయకూడదనడానికి ఇదొక్కటే చాలిన కారణం.

టీకా ఎందుకు అన్నిసార్లు

పార్వోతో ఆసుపత్రికి వచ్చే పిల్లల్లో అసలు టీకా పడనివి కొన్ని, ఒకటో రెండో వేయించి ఆపేసినవి మరికొన్ని. ఈ రెండో రకం యజమానులు టీకా వేయించినా జబ్బు ఎందుకు వచ్చిందని బాధపడతారు. జవాబు తల్లి పాలల్లో ఉంది. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతో తల్లి నుంచి రక్షణనిచ్చే ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలు, పిల్లకు అందుతాయి. అవి మొదటి వారాల్లో పిల్లను కాపాడతాయి. అయితే బయటి నుంచి వచ్చే వైరస్‌ను అడ్డుకున్నట్టే టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను కూడా అడ్డుకుంటాయి. అవి ఉన్నంతకాలం టీకా పనిచేయదు. కొన్ని పిల్లల్లో ఆరు వారాలకే తగ్గిపోతాయి, కొన్నిటిలో పన్నెండు వారాలు, కొన్నిటిలో పదహారు వారాల దాకా ఉంటాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లల మధ్య కూడా తేడా ఉంటుంది. పైగా అవి తగ్గుతూ వచ్చే దశలో ఒక ప్రమాదకరమైన ఖాళీ ఏర్పడుతుంది. అసలు వైరస్‌ను ఆపలేనంత తక్కువగా, టీకాను మాత్రం చెడగొట్టేంత ఎక్కువగా యాంటీబాడీలు మిగిలి ఉండే రెండు మూడు వారాలవి.

ఆ ఖాళీ ఏ పిల్లకు ఎప్పుడు వస్తుందో బయటికి తెలియదు కాబట్టే టీకాను పదే పదే వేస్తారు. వరల్డ్ స్మాల్ యానిమల్ వెటర్నరీ అసోసియేషన్ మార్గదర్శకాల ప్రకారం ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా లేదా దాటేదాకా వేయాలి. తర్వాత ఆరు నెలలు నిండాక ఇంకొకటి. ఈ వరుసలో దేన్నయినా తప్పించడానికి వీల్లేదంటే అది పదహారు వారాల వయసులో పడేది. మొదటి రెండూ పడ్డాయి, పిల్ల హుషారుగా ఉంది, ఇక చాలు అనుకుని సరిగ్గా దాన్నే చాలామంది వదిలేస్తారు. పెద్దయ్యాక పార్వో, డిస్టెంపర్ భాగాలకు మూడేళ్లకోసారి సరిపోతుంది. లెప్టోస్పైరోసిస్, రేబిస్ టీకాల గడువు వేరు కాబట్టి ఏటా కార్డు పట్టుకుని వెళ్లడం మాత్రం తప్పదు.

ఇక్కడ ఒక అపోహను తుడిచేయాలి. జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం నాడు రెండు తెలుగు రాష్ట్రాల పశువైద్యశాలల్లో ఉచితంగా వేసేది రేబిస్ టీకా. అది తప్పకుండా వేయించాలి. కానీ దానికీ పార్వోకూ సంబంధం లేదు. పిల్లకు ఇంజెక్షన్ వేయించాం అనే మాట సరిపోదు. ఏ ఇంజెక్షన్ అన్నది ముఖ్యం.

పార్వో టీకా రెండు చిన్న సీసాల్లో వస్తుంది. ఒకదానిలో అడుగున ఎండిన బిళ్లలా పొడి, మరోదానిలో ద్రవం. వైద్యుడు ద్రవాన్ని సిరంజితో తీసి పొడి సీసాలోకి ఎక్కించి, కలిపి, వెంటనే వేస్తాడు. సీసా మీద ఊడివచ్చే చిన్న లేబుల్‌ను కార్డులో అతికిస్తాడు. టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ దానిమీద ఉంటాయి. లేబుల్ లేకుండా చేత్తో తేదీ మాత్రమే రాసిన కార్డు చూపించి టీకాలన్నీ అయిపోయాయని పిల్లను అమ్మేవాళ్లుంటారు. ఆ కార్డును నమ్మకుండా వైద్యుడితో మాట్లాడి వరుసను మళ్లీ మొదలుపెట్టించడమే క్షేమం. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. మే నెల ఎండలో మందుల షాపు నుంచి ప్లాస్టిక్ కవర్లో పట్టుకొచ్చి వేసిన టీకా పడినట్టు కార్డులో ఉంటుందే గాని పిల్ల ఒంట్లో ఉండదు. ఐసు ప్యాకుతో తేవాలి, లేదా ఫ్రిజ్ ఉన్న ఆసుపత్రిలోనే వేయించాలి.

కొత్త పిల్లను తెచ్చేటప్పుడు

కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో చేసిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బొచ్చు బంతిలా ముద్దుగా ఉంటుందని నెలరోజుల పిల్లను తల్లి నుంచి విడదీసి తేవడం దానికి అన్యాయం చేయడమే. తల్లి పాలు, తోబుట్టువుల వెచ్చదనం పోయి, ప్రయాణపు బడలికతో ఉన్న పిల్ల జబ్బుకు తేలిగ్గా లొంగుతుంది. రాట్‌వీలర్, డాబర్‌మన్ జాతుల్లో పార్వో మరింత తీవ్రంగా వస్తుందని తెలుసు కాబట్టి వాటి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇంట్లో ముందే కుక్క ఉంటే కొత్తదాన్ని రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాలి.

టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను నాలుగు గోడల మధ్య బంధించాలా అంటే, అదీ మంచిది కాదు. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్యే కుక్క మనుషులకు, శబ్దాలకు, వాహనాలకు అలవాటు పడుతుంది. ఆ వయసులో ఏమీ చూడని కుక్క పెద్దయ్యాక పిరికిగానో కరిచేదిగానో తయారవుతుంది. ఎత్తుకుని వీధి చూపించవచ్చు. టీకాలు పూర్తయిన కుక్క ఉన్న తెలిసినవాళ్ల ఇంటికి తీసుకెళ్లవచ్చు. వీధికుక్కలు మలవిసర్జన చేసే ఖాళీ స్థలాల్లో, అపార్ట్‌మెంట్ పార్కు గడ్డిలో, పెట్ షాపు నేల మీద మాత్రం దింపకూడదు. అన్నిటికంటే ఎక్కువగా ఆసుపత్రి వరండాలో దింపకూడదు. పార్వో పిల్లలు వచ్చి వెళ్లే చోటు అది. టీకా కోసం వెళ్లినా ఒళ్లోనే ఉంచుకోవాలి.

జబ్బు చేసినప్పుడు

వాంతులు అవుతుండగా నోట్లో ఏదీ బలవంతంగా పోయకూడదు. ఆముదం, పసుపు నీళ్లు, పచ్చి గుడ్డు, మేకపాలు, ఏదైనా సరే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు రెండింతలవుతుంది. మనుషుల మాత్రలు అసలే వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. లోపెరమైడ్ లాంటి విరేచనాల మాత్ర పేగు కదలికను ఆపి విషాన్ని లోపలే నిలిపేస్తుంది.

పార్వోను నేరుగా చంపే మందు మామూలు వాడుకలో లేదు. అమెరికాలో 2023లో పార్వో కోసం ఒక మోనోక్లోనల్ యాంటీబాడీకి షరతులతో కూడిన అనుమతి ఇచ్చారు. మిగతా అంతా, పేగు మళ్లీ మొలిచేదాకా పిల్లను బతికించుకునే చికిత్సే. రక్తనాళం ద్వారా సెలైన్, అందులో అవసరాన్ని బట్టి పొటాషియం, గ్లూకోజు, వాంతులు ఆపే ఇంజెక్షన్, యాంటీబయాటిక్, వెచ్చదనం. పూర్వం కడుపును పూర్తిగా ఖాళీగా ఉంచేవారు. ఇప్పుడు వాంతులు అదుపులోకి రాగానే, ట్యూబు ద్వారానైనా కొద్దికొద్దిగా తిండి మొదలుపెడితే పిల్ల త్వరగా కోలుకుంటుందని తేలింది. చికిత్స లేకపోతే పదింటిలో తొమ్మిది దాకా చనిపోతాయి. ఆసుపత్రిలో ఉంచి సరైన చికిత్స ఇస్తే పదింటిలో ఎనిమిది, తొమ్మిది బతుకుతాయి. మొదటి మూడు నాలుగు రోజులు గట్టెక్కిన పిల్ల చాలావరకు బయటపడుతుంది.

ఆసుపత్రిలో ఉంచే స్తోమత లేనివాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. చర్మం కింద సెలైన్, ఎక్కువ రోజులు పనిచేసే ఒకే యాంటీబయాటిక్ ఇంజెక్షన్, రోజూ వాంతుల ఇంజెక్షన్ ఇచ్చి ఇంటి దగ్గర కనిపెట్టుకుని ఉండే పద్ధతిని అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వైద్యులు పరీక్షించినప్పుడు సుమారు 80 శాతం పిల్లలు బతికాయి. ఖర్చుకు వెనకాడి ఇంట్లోనే ఉంచేసేకన్నా ఉన్న డబ్బు ఎంతో దాచకుండా వైద్యుడికి చెప్పి, దానిలోనే ఏ చికిత్స కుదురుతుందో అడగడం మేలు.

ఇల్లు శుభ్రం చేయడం

ముందుగా మలం, వాంతి, వెంట్రుకలు కాగితంతో ఎత్తి కవర్లో కట్టి పారేయాలి. తర్వాత డిటర్జెంట్ నీళ్లతో రుద్ది కడిగి, నీళ్లు తుడిచేయాలి. మురికి మీద పోసిన బ్లీచ్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది కాబట్టి ఈ రెండు పనులూ అయ్యాకే దాన్ని వాడాలి. 4 లీటర్ల నీళ్లలో సుమారు 120 మిల్లీలీటర్ల ద్రవ బ్లీచ్ కలిపి, నేల తడితడిగా ఉండేలా పోసి, కనీసం పది నిమిషాలు ఆరకుండా చూసి, మంచినీళ్లతో కడగాలి. ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి. బ్లీచ్‌ను టాయిలెట్ యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. గిన్నెలు, గొలుసు, చెప్పుల అడుగులు కూడా ఇలాగే శుభ్రం చేయాలి. పక్కగుడ్డలు, మెత్తటి బొమ్మలు పారేయడమే మంచిది. పెరటి మట్టిలో బ్లీచ్ సరిగా పనిచేయదు. మలం ఎత్తేసి, నీళ్లతో పలచబరచి, చెట్టు కొమ్మలు కొట్టి ఎండ పడేలా చేయాలి.

మనుషులకు ఈ పార్వో రాదు. కానీ చేతులతో, బట్టలతో దాన్ని మోసుకెళ్తారు. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ మాత్రం కుక్క మలం నుంచి మనుషులకూ అంటుకుంటాయి. ఏలికపాముల గుడ్లు చిన్నపిల్లల చేతుల ద్వారా వాళ్ల కడుపులోకి చేరితే కాలేయంలో, కంటిలో హాని చేస్తాయి. ఎత్తేటప్పుడు గ్లవ్స్, తర్వాత సబ్బుతో చేతులు కడగడం ఇంటిల్లిపాదికీ అవసరం. కుక్కకు పచ్చి కోడి వ్యర్థాలు పెట్టే అలవాటు మానుకుంటే సాల్మొనెల్లా ముప్పు చాలావరకు తగ్గుతుంది.

కోలుకున్న కుక్క దాదాపు రెండు వారాలు మలంలో వైరస్‌ను వదులుతూ ఉండవచ్చు. అప్పటిదాకా ఇతర కుక్కలకు దూరంగా ఉంచి, తర్వాత స్నానం చేయించి బయటికి తీసుకెళ్లవచ్చు. ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం వంటి తేలిక తిండి కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదు సార్లు పెట్టి, వారం పది రోజుల్లో మామూలు తిండికి తేవాలి. ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఉన్న కూర కలపకూడదు. పార్వోతో పిల్ల చనిపోయిన ఇంటికి మరో పిల్లను తేవాలనుకుంటే కనీసం ఆరు నెలలు ఆగాలి, లేదా టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కను తెచ్చుకోవాలి. జబ్బు నుంచి బయటపడ్డ కుక్కకు పార్వో మళ్లీ వచ్చే అవకాశం ఏళ్ల తరబడి ఉండదు. డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్, రేబిస్‌ల నుంచి ఆ రక్షణ లేదు కాబట్టి, ఒళ్లు కూడదీసుకోగానే వైద్యుడిని అడిగి ఆగిపోయిన టీకాల వరుసను అక్కడి నుంచి పూర్తిచేయించాలి.